పండుగ బల్ల దగ్గరకు కొడుకును ఎలా పిలవాలి?

*నా వయసు 58. పునీత మోనికమ్మ పేరే నాకు పెట్టారు. ఏటా ఆగస్టు 27న బంధువులతో కలిసి ఇంట్లో ఆమె పండుగ చేసుకుంటాం. మా అబ్బాయి నాలుగేళ్లుగా గుడికి రావడం లేదు. వేరే మతం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. కిందటి ఏడాది పండుగ ప్రార్థనలో ‘నా బిడ్డను నీ దగ్గరకు రప్పించు తండ్రీ’ అని అందరి ముందు ఏడ్చాను. వాడు మధ్యలోనే లేచి కోడలిని తీసుకుని వెళ్లిపోయాడు. ఈసారి ఆఫీసు పని ఉంది, రాలేనంటున్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు. వాడు లేని పండుగ నాకెందుకు? మానేయనా?*

మానేయకండి అమ్మా. మానేస్తే ఆ నింద కూడా మీ అబ్బాయి మీదే పడుతుంది. ‘వాడి వల్లే అమ్మ పండుగ మానేసింది’ అన్న మాట ఇంట్లో ఒకసారి పుడితే, వచ్చే ఏడు అతను గడప తొక్కడం ఇంకా కష్టమవుతుంది. పండుగను ఉండనిచ్చి, అందులోంచి ఒక్కటి తీసేయండి: అందరి ముందు అతని కోసం చేసే ప్రార్థన.

ఈ మాట మీకు కష్టంగా ఉంటుంది. మీ కన్నీళ్లు నిజమైనవి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ సాయంత్రం అతని పక్కన కూర్చుని చూడండి. భార్య ఉంది, బంధువులంతా ఉన్నారు. మీరు దేవుడితో అన్న మాట అతనికి నలుగురిలో మందలింపుగా వినిపించింది. ప్రార్థనకు ఎవరు ఎదురు చెప్పగలరు? లేచి వెళ్లడం తప్ప అతనికి దారి లేకపోయింది. ఇక మీ కోడలు, తన భర్త తప్పిపోవడానికి కారణం తానేనని అందరూ అనుకుంటున్నారని ఆ క్షణంలో అనుకుని ఉంటుంది.

మీరు పేరు పెట్టుకున్న తల్లి కూడా ఈ దారిలో నడిచినవారే. తర్వాతి కాలంలో పునీతుడైన ఆమె కొడుకు అగస్టీను, యువకుడిగా మానీ అనే బోధకుడిని నమ్మే మతంలో చేరినప్పుడు, ఆమె మొదట అతనితో ఒకే ఇంట్లో ఉండటానికి, ఒకే బల్ల దగ్గర తినడానికి ఒప్పుకోలేదు. తర్వాత ఆమెకు ఒక కల వచ్చింది. తాను నిలబడిన చోటే కొడుకూ నిలబడి ఉన్నాడు. ఆ ధైర్యంతో అతన్ని మళ్లీ బల్ల దగ్గరకు రానిచ్చారు. ఇదంతా అగస్టీనే రాసుకున్నాడు. అప్పటికి అతను ఏమీ మారలేదు. ఆ తర్వాత కూడా దాదాపు తొమ్మిదేళ్లు అలాగే ఉన్నాడు. అన్నేళ్లూ తల్లి ఇంట అతనికి భోజనం ఉందన్న సంగతి నాకు ఆ కథ మొత్తంలో అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

కొడుకుతో వాదించి మార్చమని ఆమె ఒక పీఠాధిపతిని (బిషప్పును) వేడుకుంటే ఆయన ఒప్పుకోలేదు. అతన్ని అలా వదిలేసి, అతని కోసం దేవుణ్ని ప్రార్థించమన్నాడు. ఇన్ని కన్నీళ్ల బిడ్డ నశించడం జరగదన్న ఆయన మాటను అందరూ తలుచుకుంటారు. దానికి ముందు ఇచ్చిన ఈ సలహాను మాత్రం చాలామంది వదిలేస్తారు.

ఆఫీసు పని గురించి నిలదీయకండి. అగస్టీను కూడా ఆఫ్రికాలోని కార్తేజీ రేవులో స్నేహితుణ్ని సాగనంపాలని తల్లికి అబద్ధం చెప్పాడు. ఆమె పునీత సిప్రియాను స్మారకం దగ్గర రాత్రంతా ప్రార్థిస్తుండగా ఓడెక్కి రోముకు వెళ్లిపోయాడు. తల్లి ముఖం చూస్తూ కాదనలేని కొడుకులే ఇలాంటి అబద్ధాలు చెబుతారు.

పండుగ తీరు మారిస్తే భక్తి తగ్గినట్టేనని బంధువులు అనవచ్చు. ఆఫ్రికాలో వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి) స్మారకాల దగ్గరకు రొట్టె, ద్రాక్షారసం తీసుకెళ్లడం మోనికమ్మ గారి అలవాటు. మిలానులో పీఠాధిపతి అంబ్రోసు దాన్ని వద్దన్నారని ద్వారపాలకుడు చెప్పగానే ఆమె మానేశారు. ఆమె పండుగ తేదీ కూడా మారిందే. పూర్వం మే 4న ఉండేది, 1969లో కతోలిక పండుగల క్యాలెండరును సవరించినప్పుడు కొడుకు స్మరణ దినానికి ముందు రోజుకు తెచ్చారు.

అబ్బాయికి ఈ వారమే ఫోను చేయండి. ‘కిందటేడు అందరిలో నీ గురించి అలా ప్రార్థించడం నా పొరపాటు. ఈసారి అలా జరగదు. మీరిద్దరూ భోజనానికి రండి’ అనండి, అంతే. ‘కానీ’ అన్న మాట కలపకండి. పండుగ ఉదయం పూజలో అతని కోసం ఎంత ఏడవాలో అంతా ఏడవండి, అక్కడ మిమ్మల్ని ఎవరూ ఆపరు. ఇంట్లో ప్రార్థన వాళ్లు రాకముందే ముగించండి. గుడి మాట ఎత్తవద్దని బంధువులకు మీవారి చేత ముందే చెప్పించండి.

కోడలు అడిగితే మోనికమ్మ గారి కథ చెప్పండి. పనివాళ్ల చాడీలు విని అత్తగారు మొదట ఆమెపై కోపం పెంచుకోవడం, ఆమె ఓర్పు చూసి తర్వాత దగ్గర కావడం కూడా అందులో ఉన్నాయి. మీ కోడలికి నచ్చేది బహుశా ఆ భాగమే.

ఇన్ని చేసినా వాళ్లు రాకపోతే, మర్నాడు 28న, అగస్టీను రోజున, పండుగ వంట ఏదైనా చేసి మీరే వాళ్లింటికి తీసుకెళ్లండి. కాసేపు కూర్చుని, కోడలి యోగక్షేమాలు అడిగి వచ్చేయండి.