శిలాజాల వల్లనా, శిలాజాలను బట్టా?

సందేహం: సముద్రపు సూక్ష్మజీవుల శిలాజాల మీద వ్యాసం రాస్తున్నాను. 'శిలాజాల వల్ల రాతిపొర కాలం తెలిసింది', 'శిలాజాలను బట్టి రాతిపొర కాలం తెలిసింది'. వీటిలో ఏది సరైనది?

సమాధానం: రెండూ తప్పులు కావు. వలన, కంటె, పట్టి మూడూ పంచమీ విభక్తి ప్రత్యయాలే. ఆ 'పట్టి' ద్రుతం (పదం చివరి నకారం) తరువాత సరళాదేశం పొంది, అంటే 'ప' 'బ'గా మారి, 'బట్టి' అయింది. అయినా మీ వ్యాసానికి 'బట్టి'నే వాడమంటాను. మబ్బుల వల్ల వాన కురుస్తుంది, మబ్బులను బట్టి వాన వస్తుందని చెబుతాం. అది కారణం, ఇది ఆధారం. ('వాన కురవబట్టి పంట పండింది' అన్నప్పుడు బట్టి కూడా కారణాన్నే చెబుతుంది. నామవాచకం తరువాత మాత్రం ఆధారం వైపు మొగ్గుతుంది.)

మీ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. ఇంగ్లండులో డోవర్ దగ్గరి తెల్లని సుద్దకొండలనే తీసుకోండి. సముద్రంలో తేలే ఏకకణ శైవలాల ఒంటిమీది సున్నపు పలకలు, అంటే కోకోలిత్‌లు, అడుగున పేరుకుని ఆ సుద్ద అయింది. ఆ రాయి కోకోలిత్‌ల వల్ల ఏర్పడింది, దాని కాలాన్ని కూడా వాటిని బట్టి చెబుతారు. రెండుచోట్లా 'వల్ల' వేస్తే పుట్టుకా కాలమూ కలగాపులగమైపోతాయి.

ఈ సూక్ష్మజీవుల్లో ఒక్కో జాతి ఒక కాలంలో పుట్టి ఒక కాలంలో అంతరించింది. నీటిలో తేలే జీవులు గనక దూరదూరపు సముద్రాలకూ వ్యాపించాయి. పైగా డ్రిల్లు కింద పెద్ద గవ్వలు నుగ్గయినా, ఈ చిన్న గుల్లలు రాతిముక్కల్లో చెదరకుండా పైకి వస్తాయి. చమురు బావుల దగ్గర వీటికంత విలువ అందుకే.

మన రాజమండ్రి దగ్గరి క్వారీల్లో లావా పొరల నడుమ సముద్రపు అవక్షేపాలున్నాయి. వాటిలోని ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు, డైనోసార్లు అంతరించిన విలయం తరువాత పుట్టిన జాతులవని భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రకటించింది. దాన్ని బట్టి, కింది లావా ప్రవాహాలు ఆ విలయ కాలానికి దగ్గరలోనే ఆగాయని తేల్చింది.

ఒక్క జాగ్రత్త. శిలాజాలను బట్టి తెలిసేది ముందువెనుకల వరస. ఆ విలయం జరిగి 'సుమారు 6.6 కోట్ల ఏళ్లు' అనే అంకె లావాలో, అగ్నిపర్వతపు బూడిదలో ఉన్న రేడియోధార్మిక మూలకాలను కొలిస్తే వచ్చింది. కాబట్టి 'ఈ గుల్లలను బట్టి ఈ పొర ఆ విలయం తరువాతిదని తేలింది' అని రాయండి. ఏళ్ల లెక్క ఇచ్చేచోట ఆ కొలత సంగతి కూడా చెప్పండి.