చార్మినార్ దగ్గర తినాలంటే హోటల్ పేరు కన్నా ముందు పూట చూసుకోండి

మీ ప్రశ్న చదివాను. రాజమండ్రి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ఒక రోజంతా చార్మినార్ చుట్టుపక్కల తిప్పాలి. నాన్నగారికి బిర్యానీ అంటే ప్రాణం, అమ్మగారు మాంసం ముట్టరు. ఖరీదైన చోటు అక్కర్లేదు, మామూలుగా కూర్చుని కడుపునిండా తింటే చాలు. కానీ నెట్‌లో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు, ఏది నమ్మాలి అని అడిగారు.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసిన రోజుల నుంచి ఆ రోడ్డు మీద తినడం నాకు అలవాటు. ఉద్యోగం మారింది కానీ, ఇంటికి చుట్టాలు వస్తే ఇప్పటికీ అటే తీసుకెళ్తాను. నా మటుకు నేను చెప్పేది ఒకటే: ముందు హోటల్ పేరు వెతక్కండి, ఏ పూట అక్కడ ఉంటారో తేల్చుకోండి. పాతబస్తీలో ఒక్కో తిండికి ఒక్కో వేళ ఉంది. ఒకే హోటల్‌కి నెట్‌లో ఐదు చుక్కలూ ఒక చుక్కా పక్కపక్కనే కనబడటానికి సగం కారణం ఇదే అనుకుంటాను. తిన్నవాళ్లు వేరే వేరే టైముల్లో తిని ఉంటారు.

వీలైతే పొద్దున్నే బయల్దేరండి. అమ్మగారికి అదే మంచి పూట. చార్మినార్ నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే గుల్జార్ హౌజ్ వస్తుంది. నాలుగు కమాన్ల మధ్యలో ఫౌంటెన్ ఉండే చోటు అది. అక్కడ గోవింద్ దోశ బండి ఉంది, పూర్తిగా శాకాహారం. పెనం మీద దోశ పోసి, దాని మీదే వెన్న, ఉప్మా, టమాటా, ఉల్లిపాయ, కారప్పొడి వేసి గరిటెతో మెదుపుతూ అంచుల దాకా పరుస్తారు. తవా ఇడ్లీ కూడా అలాగే వెన్నలో, పొడిలో వేయిస్తారు. మన గోదావరి జిల్లాల పెసరట్టు రుచికి అలవాటుపడ్డ మా అత్తగారు కూడా రెండోది అడిగి తిన్నారు. నిలబడే తినాలి, అదొక్కటే ఇబ్బంది. ఆ వేళకి నగల కొట్లు ఇంకా తెరవరు కాబట్టి పెద్దవాళ్లు వాటి మెట్ల మీద కూర్చుని తినొచ్చు. మధ్యాహ్నానికి బండి ఉండదు, ఆలస్యం చేయకండి.

నాన్నగారు పొద్దున్నే మాంసం తినగలిగితే నహారీ రుచి చూపించండి. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికించి తెల్లవారుజామున వడ్డించే పల్చటి పులుసు. నయాపూల్ దగ్గర నయాబ్ హోటల్‌కి ఈ పొద్దుటి వంటకాలతోనే పేరు. దీనికి తోడు నాలుగు మూలల నాన్ ఉండాలి. దానికి పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ అనే చిన్న కొట్టుకి పేరు. మెట్రో పనుల వల్ల చోటు మారి ఉండొచ్చు, వెళ్లేముందు కనుక్కోండి. పిండిని పలకలా సాగదీసి, మూలలు లాగి, తందూరు గోడకి అతికిస్తారు. కాలాక ఇనుప చువ్వతో లాగి బల్ల మీద పడేస్తారు, చేతిలోకి తీసుకుంటే వేళ్లు కాలతాయి. అక్కడ కూర్చునే ఏర్పాటు లేదు, కొనుక్కుని వెళ్లడమే. సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి దగ్గరే కాబట్టి దారిలో కలుస్తుంది.

ఇక బిర్యానీ. కుటుంబంతో కూర్చోవడానికి నేనైతే మదీనా చౌరస్తా దగ్గరున్న షాదాబ్‌కే వెళ్తాను. చార్మినార్ నుంచి నడిచిపోయే దూరం. పన్నెండున్నర, ఒంటిగంట మధ్యలో వెళ్లండి, అప్పుడు హండీలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. హైదరాబాదీ పద్ధతిలో పచ్చి మాంసానికి పెరుగు, మసాలా పట్టించి అడుగున పరిచి, పైన సగం ఉడికిన బియ్యం వేసి, మూత అంచుకి పిండి అంటించి దమ్ చేస్తారు. అంటే రుచంతా అడుగున ఉంటుంది. వడ్డించే మనిషి సాసర్ లాంటి పళ్లెంతో హండీ గోడ వెంబడి అడుగు దాకా దించి తీస్తే తెల్ల అన్నం, పసుపు అన్నం, మసాలా పట్టిన అన్నం మూడూ ప్లేట్లోకి వస్తాయి. తెల్ల అన్నమే ఎక్కువ కనిపిస్తే మొహమాటపడకుండా అడుగు మసాలా వేసి తెమ్మనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇద్దరు పెద్దవాళ్లకి ఒక ఫుల్ ప్లేట్ సరిపోతుంది. సాయంత్రం నాలుగింటికి, మధ్యాహ్నపు హండీ ఆఖరికొచ్చాక తినకండి. బాగా పేరున్న ఒక చోట ఆ టైముకి మాకు పెట్టిన బిర్యానీలో ముక్క చల్లారి బిగుసుకుపోయి ఉంది. అదే హోటల్లో మధ్యాహ్నం తిన్నవాళ్లు ఎంత మెచ్చుకుంటారో నాకు తెలుసు.

తెలియని హోటల్లోకి వెళ్లాల్సి వస్తే బోర్డు కాదు, లోపల తింటున్నవాళ్లని చూడండి. చుట్టుపక్కల కొట్లవాళ్లు, మూటలు మోసేవాళ్లు, ఆటోవాళ్లు తింటుంటే అక్కడ సరుకు నిలవ ఉండదు. ఇంకో ముఖ్యమైన విషయం, మాంసం ఏదో అడిగి తెలుసుకోండి. కొన్నిచోట్ల 'బడే కా' అని దున్నపోతు మాంసంతో చేస్తారు, ధర తక్కువ ఉంటుంది. ఇష్టపడి తినేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ నాన్నగారికి అలవాటు లేకపోతే ఆర్డర్‌కి ముందే 'మటనేనా' అని అడగండి. నిజమే చెప్తారు. మోకాళ్ల నొప్పులుంటే పైనున్న ఏసీ హాలు వద్దని కింద కూర్చోండి. చేతులు కడుక్కోవడానికి, బాత్రూమ్‌కి మ్యూజియంలోనో చౌమహల్లా ప్యాలెస్‌లోనో పని ముగించుకుని రావడం మేలు.

అమ్మగారి మధ్యాహ్నం సంగతే కొంచెం ఆలోచించాలి. ఈ హోటళ్లలో శాకాహారం వంటలు ఉంటాయి, కానీ వంటగది ఒకటే. ఆవిడకి ఆ పట్టింపు లేకపోతే అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోండి. పట్టింపు ఉంటే మాత్రం బలవంతం చేయకండి, పక్కన కూర్చుని నీళ్లు తాగుతూ ఉండిపోతారు, తింటున్నవాళ్లకీ మనసొప్పదు. నాన్నగారికి పార్సిల్ కట్టించుకుని, అందరూ ఆటోలో ఆబిడ్స్ వెళ్లి తాజ్‌మహల్ హోటల్లో శాకాహారం భోజనం చేయండి. పార్సిల్ రాత్రికి ఇంట్లో వేడి చేసుకోవచ్చు. ఆవిడ కోసం ఊరు దాటి వెళ్లినట్టేమీ ఉండదు, దగ్గరే.

సాయంత్రం చార్మినార్ పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. ఇది అందరూ కలిసి తినగలిగేది. డికాషన్ విడిగా, చిక్కగా మరిగిన పాలు విడిగా ఉంచి కప్పులో కలుపుతారు. బిస్కెట్ కొంచెం తీపి, కొంచెం ఉప్పు. చార్మినార్ చుట్టూ వాహనాలు రానివ్వరు కాబట్టి కప్పు పట్టుకుని కాసేపు బయట నిలబడినా టెన్షన్ ఉండదు. లాడ్‌బజార్‌లో అమ్మగారికి గాజులు కొనాలనుకుంటే చాయ్ తర్వాత పెట్టుకోండి, అక్కడ బేరం ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

రోజు ఇంకా ఖాయం చేసుకోకపోతే శుక్రవారం తప్పించండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా రెండింటికీ ఆ రోజే సెలవు, మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజుకి రద్దీ ఉంటుంది. రంజాన్ నెలలో వస్తే లెక్కంతా మారిపోతుంది. పగలు చాలా హోటళ్లు మూసే ఉంటాయి, ఇఫ్తార్ తర్వాత, మాంసం, గోధుమలు కలిపి మెత్తగా ఉడికించే హలీం బట్టీల దగ్గర అడుగు తీసి అడుగు వేయలేం. హలీం కోసం నాన్నగారు ఆ రద్దీని తట్టుకుంటానంటే తీసుకురండి. 2010లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరిదే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన వంటకం అది, రుచి చూడాల్సిందే. అమ్మగారిని మాత్రం ఆ సాయంత్రం ఇంట్లోనే ఉండమనండి.