లంచ్ ఖాతా మైనస్‌లోకి వెళ్తే స్కూల్ ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో ఉంటాం. నాది హెచ్1బి వర్క్ వీసా, నా భార్యది దానిపై ఆధారపడిన హెచ్4. ఇద్దరు పిల్లలు. ఆరు వారాల క్రితం నా ఉద్యోగం పోయింది. థర్డ్ గ్రేడ్ చదివే మా బాబు లంచ్ ఖాతా (స్కూల్ భోజనం కోసం మేం డబ్బు వేసే ఖాతా) 87 డాలర్ల 75 సెంట్లు మైనస్‌లో ఉంది. మొన్న లైన్‌లో వాడి ట్రే వెనక్కి తీసుకుని చీజ్ శాండ్‌విచ్ చేతిలో పెట్టారట. బాకీ కట్టేదాకా రిపోర్టు కార్డు ఇవ్వబోమని మెయిల్ కూడా వచ్చింది. ఫ్రీ లంచ్‌కి దరఖాస్తు పెడితే గ్రీన్ కార్డుకు అడ్డం వస్తుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఫ్రీ లంచ్ దరఖాస్తు పెట్టండి. ఈ రోజే పెట్టండి. అది మంజూరైనా పాత బాకీ రద్దు కాదు. ఆలస్యం చేసిన ప్రతి రోజూ ఇంకో పూట భోజనం ధర ఆ బాకీలో చేరవచ్చు.

ఈ దరఖాస్తు బడి తెరిచే ఆగస్టులోనే పెట్టాలన్న నియమం లేదు, ఏడాదిలో ఎప్పుడైనా పెట్టవచ్చు. వాళ్లు చూసేది నిరుటి ట్యాక్స్ రిటర్న్ కాదు, ఇప్పుడు ఇంటికి వస్తున్న ఆదాయం. పన్నులు కోయకముందు మొత్తం, నిరుద్యోగ భృతి వస్తుంటే అదీ కలిపి రాయాలి. 2025-26లో నలుగురున్న ఇంటికి నెల ఆదాయం 3,483 డాలర్లు దాటకపోతే భోజనం ఉచితం. 4,957 డాలర్ల లోపైతే తగ్గింపు ధర, అంటే లంచ్‌కి 40 సెంట్లకు మించి తీసుకోకూడదు. స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) 10 పనిదినాల్లో తేల్చాలి. ఒకసారి మంజూరైతే మీకు మళ్లీ ఉద్యోగం వచ్చినా ఆ విద్యాసంవత్సరమంతా చెల్లుతుంది.

ఫారాలు తిరిగొచ్చేది చిన్న తప్పుల వల్లే. నెల జీతాన్ని ఏడాది గడిలో రాయడం, ఇద్దరు పిల్లలకు రెండు ఫారాలు పెట్టడం (ఇంటికి ఒకటే చాలు), సంతకం మరచిపోవడం. సంతకం చేసేవారి సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతారు. మీ భార్య సంతకం చేస్తూ, ఆమెకు ఆ నంబరు లేకపోతే, ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెడితే సరిపోతుంది. వీసా గురించి ఫారంలో ప్రశ్నే ఉండదు.

గ్రీన్ కార్డు భయం దగ్గరికి వద్దాం. ఉచిత ప్రభుత్వ విద్యకు అర్హత ఉన్న పిల్లలకు పౌరసత్వం, వీసా కారణంగా స్కూల్ భోజనం నిరాకరించరాదని 1996 నాటి ఫెడరల్ చట్టమే చెబుతోంది. ప్రభుత్వ సాయంపైనే బతుకుతారనుకున్నవారికి గ్రీన్ కార్డు నిరాకరించడాన్ని ‘పబ్లిక్ చార్జ్’ అంటారు. దానిపై 2022లో వచ్చిన నిబంధనలో స్కూల్ భోజనం లెక్కలోకి రాదు. ఆ నిబంధనలు మారే అవకాశం ఉంది కాబట్టి, గ్రీన్ కార్డు దరఖాస్తు వేసే నాటికి ఏవి అమల్లో ఉన్నాయో మీ ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. ఈ భయంతో పిల్లల్ని పస్తు పెట్టకండి.

ఇక ట్రే సంగతి. 2017 జులై 1 నుంచి ఫెడరల్ లంచ్ పథకంలో ఉన్న ప్రతి డిస్ట్రిక్ట్‌కూ భోజన బాకీలపై రాతపూర్వకమైన విధానం ఉండాలి, దాన్ని తల్లిదండ్రులకు అందించాలి. టెక్సాస్ చట్టం దీనికి గ్రేస్ పీరియడ్ జోడించింది. అంటే, ఖాతా ఖాళీ అయ్యాక కూడా స్కూల్ బోర్డు నిర్ణయించిన గడువు దాకా పిల్లవాడికి అప్పు మీద భోజనం పెట్టాలి, మీకు తెలియజేయాలి, ఆ బాకీపై ఫీజుగానీ వడ్డీగానీ వేయకూడదు. గడువు దాటాక శాండ్‌విచ్ ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించలేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడిని అందరి ముందు అలా నిలబెట్టడం మాత్రం నా దృష్టిలో ఘోరమైన తప్పు. అప్పు పెద్దలది, మాట్లాడాల్సింది పెద్దలతో. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు పిల్లలందరికీ స్కూల్ భోజనం ఉచితం చేశాయి, టెక్సాస్ ఇంకా చేయలేదు.

మంజూరు వచ్చేలోపు ఒక మార్గం ఉంది. ఆ రోజు లంచ్ డబ్బులు బాబు చేతికే ఇచ్చి పంపండి. పిల్లవాడి దగ్గర ఆ పూట భోజనానికి డబ్బు ఉంటే భోజనం పెట్టి తీరాలి, దాన్ని పాత బాకీ కింద జమ చేసుకోకూడదని అమెరికా వ్యవసాయ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదే డబ్బు ఆన్‌లైన్ ఖాతాలో వేస్తే మైనస్‌లో కలిసిపోతుంది. ఉచితం మంజూరయ్యాక పాత బాకీ ఎంత ఉన్నా భోజనం ఆపడానికి వీల్లేదు. చిప్స్, ఐస్‌క్రీమ్ లాంటి అదనపు కొనుగోళ్లు మాత్రం ఆపవచ్చు.

రిపోర్టు కార్డు ఆపినా, 1974 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం మీ బిడ్డ రికార్డులను చూసే హక్కు మీకుంది. బాకీ ఉందని దాన్ని కాదనలేరు. రాతపూర్వకంగా అడిగిన 45 రోజుల్లోపు చూపించాలి.

స్కూల్ వసూలుకు ఇంతగా వెంటపడడానికీ కారణం ఉంది. వసూలు కాదని తేలిన బాకీని క్యాంటీన్ నిధి నుంచి కొట్టేయడం ఫెడరల్ నిబంధనలకు విరుద్ధం, డిస్ట్రిక్ట్ సాధారణ నిధుల నుంచో విరాళాల నుంచో పూడ్చాలి. అందుకే వాయిదాలు అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ప్రిన్సిపాల్‌కు కాక, స్కూల్ భోజనాలు చూసే డిస్ట్రిక్ట్ చైల్డ్ న్యూట్రిషన్ విభాగానికి మెయిల్ పెట్టండి. బాకీల విధానం కాపీ, గ్రేస్ పీరియడ్ ఎన్ని రోజులు, అది ఏ తేదీన ముగిసింది, మీకు నోటీసు ఎప్పుడు పంపారు, ఈ నాలుగూ అడగండి. 87 డాలర్ల 75 సెంట్లను వారానికి 10 డాలర్ల చొప్పున తొమ్మిది వారాల్లో తీరుస్తానని రాయండి. బాకీ విషయం ఇకపై బాబుతో కాకుండా మీతోనే మాట్లాడాలని కోరండి. చెల్లింపులు ఆన్‌లైన్‌లో కాకుండా స్కూల్ ఆఫీసులో చెక్కుతో చేస్తే కార్డు ఛార్జీ ఉండదు, రసీదు తప్పకుండా తీసుకోండి.