డబ్బు తీసుకున్నంత మాత్రాన పేరు పోతుందా?

ప్రశ్న: కృష్ణానగర్‌లో ఉంటాను. ఒక సినిమాకు ఏడు నెలలు సిట్టింగ్స్‌లో కూర్చుని మాటలు రాశాను. అగ్రిమెంట్ లేదు. నలభై వేలు ఫోన్‌లో పంపారు. టైటిల్ కార్డు వేస్తామన్న డైరెక్టర్ ఇప్పుడు ‘ఘోస్టులకు (తెర వెనక పేరు లేకుండా రాసేవాళ్లకు) కార్డు వెయ్యరు, ఇండస్ట్రీలో ఇంతే’ అంటున్నారు. మిగతా డబ్బు కావాలంటే ఎన్ఓసీ (నాకు అభ్యంతరం లేదనే పత్రం) మీద సంతకం పెట్టాలట. వచ్చే నెల రిలీజ్. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఎన్ఓసీ మీద సంతకం పెట్టకండి. ‘ఈ రచనతో నాకు సంబంధం లేదు’ అనే వాక్యం అందులో ఒక్కటి ఉన్నా, రేపు కోర్టులో మీ మెడకు చుట్టుకునేది అదే.

‘ఇండస్ట్రీలో ఇంతే’ అన్నది అలవాటు, చట్టం కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారే మొదటి హక్కుదారు. జీతం మీద ఉద్యోగిగా రాస్తే సంగతి వేరు, మీరు అలా రాయలేదు. హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే 19వ సెక్షన్ కింద మీరు సంతకం చేసిన రాతపత్రం ఉండాలి. డబ్బు తీసుకున్నారు కాబట్టి మాటలు వాడుకోవడానికి ఒప్పుకున్నట్టేనని వాళ్లు వాదిస్తారు, ఆ వాదనకు కొంత బలం ఉంది కూడా. కానీ పేరు అలా పోయేది కాదు. హక్కులన్నీ అమ్ముకున్నా ‘ఇది రాసింది నేనే’ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ రచయితకే ఉంచింది. మీ కేసుకు ప్రాణం ఇదే.

కథ డైరెక్టర్‌దైతే దాని జోలికి వెళ్లకండి. ఉత్త ఐడియాకు కాపీరైట్ లేదని ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు కాగితం మీద పెట్టిన మాటలే మీవి. అందుకే కొట్టివేతలతో నిండిన మీ పాత నోట్‌బుక్‌ను పారేయకండి, నీటుగా తిరగరాసిన కాపీ కంటే దానికే విలువెక్కువ. సీన్లు పంపిన వాట్సాప్ చాట్, డైరెక్టర్ వాయిస్ మెసేజ్‌లు ఉన్న ఫోన్ మార్చకండి. వాటిని కోర్టులో వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

సభ్యత్వం ఉంటే తెలుగు సినీ రచయితల సంఘానికి ఫిర్యాదు ఇవ్వండి. లీగల్ నోటీసు మాత్రం ఈ వారమే వెళ్లాలి. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు ఉండే హైదరాబాద్‌లోనే దావా వేయవచ్చు. రిలీజ్ ముందు రోజు పరుగెత్తుకెళితే ‘ఇన్నాళ్లూ ఏం చేశారు?’ అని కోర్టు అడుగుతుంది. సినిమా ఆపమని కాకుండా పేరు వేయించమని అడగండి, ఆ ఉత్తర్వు దొరకడం కాస్త తేలిక.

బాకీ డబ్బు వేరే లెక్క. నోటీసులో దాన్ని విడిగా రాయించండి, పేరుతో ముడిపెట్టనివ్వకండి.