సంగీత సందేహాలు: డప్పు, డీజే ఒకే స్టేజి మీద

ప్రశ్న: మేం నలుగురం. ల్యాప్‌టాప్ కాడ ఒకరు, ప్యాడ్ మీద ఒకరు, డప్పులు రెండు. రూంల మంచిగనే కలుస్తది. గణపతి మండపం కాడ స్టేజి ఎక్కినంక డప్పులు ట్రాక్‌కు ఎనుకబడుతున్నయ్. మావోళ్లకు తాళం తెల్వక కాదు. ఎక్కడ తప్పుతున్నది?
- హనుమకొండ

తప్పు చేతుల్లో లేదు, దూరంలో ఉంది. శబ్దం ఒక్క మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. మండపం బాక్సులు జనం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి డప్పు వాళ్లకు వినిపించేది చాలావరకు ఎదురు గోడకు తగిలి వెనక్కి వచ్చిన మోతే. గోడ 15 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 30 మీటర్లు, అంటే 90 మిల్లీసెకన్లు ఆలస్యం. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) బీటును నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు. మీవాళ్లు విన్నదానికి సరిగ్గానే కొడుతున్నారు, వినడమే ఆలస్యమవుతోంది. రూంలో బాక్సు పక్కనే ఉంటుంది, అందుకే అక్కడ ఈ గొడవ లేదు.

కనీసం ఒక మానిటర్ బాక్సు డప్పులకు మీటరు దూరంలో పెట్టించండి. అంతకన్నా మంచి దారి చెవిలో క్లిక్, అంటే ప్రతి బీటుకూ టిక్కుమనే చప్పుడు. నాలుగు అవుట్‌పుట్ల ఆడియో కార్డు ఉంటే 1, 2 మిక్సర్‌కు, 3 చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌కు ఇవ్వండి. కార్డు లేకపోతే ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ పిన్నులోనే ఎడమ వైపు పాట మొత్తం, కుడి వైపు క్లిక్ పంపి, వైరుతో రెంటినీ విడదీయండి. పాట మోనో అవుతుంది, మండపం కాడ దానికొచ్చే నష్టమేమీ లేదు. క్లిక్ ఇద్దరికీ అక్కర్లేదు. పెద్ద డప్పు మనిషి ఒక చెవిలో పెట్టుకుంటే రెండోవారు ఆయన చెయ్యి చూసి కొడతారు. బ్లూటూత్ మాత్రం వద్దు, అదే 100 మిల్లీసెకన్లు దాటిస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సన్నని టిక్ సిటికెన పుల్ల (డప్పు కొట్టే సన్న పుల్ల) చప్పుడులో కలిసిపోతుంది. దాన్ని తీసేసి మద్దెల మొద్దు దెబ్బలాంటి టక్ పెట్టండి.

బఫర్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని బయటికి పంపేముందు కొంచెం కూడబెట్టుకునే చోటు) సంగతి డప్పుకు సంబంధం లేదు, డప్పు మోత ల్యాప్‌టాప్ గుండా పోదు కదా. ప్యాడ్‌తో ల్యాప్‌టాప్‌లోని శబ్దాలు మోగిస్తుంటే మాత్రం చూడాలి: 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ అంటే 3 మిల్లీసెకన్ల లోపే, 1024 అంటే 21. రెండోదాంట్లో చెయ్యి జిగురులో పడ్డట్టుంటుంది. 128లో చిటపటలు వస్తే ప్లగిన్లు (అప్పటికప్పుడు శబ్దం తయారుచేసే సాఫ్ట్‌వేర్లు) నడిపించడం మానేసి, కిక్, బేస్, సింథ్, గొంతు నాలుగు ఆడియో ఫైళ్లుగా దించుకోండి. ఎండాకాలం స్టేజి మీద ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తుంది, అప్పుడు ఇదే కాపాడేది.

ఇంకోటి. దరువు ఊపెక్కితే ముందుకు ఉరుకుతుంది, దాన్ని కట్టేస్తే పాట చచ్చిపోతుంది. 118తో మొదలుపెట్టి చివరి 16 బార్లలో 124కు పోయేలా టెంపోను ముందే గీసి పెట్టండి.

ప్రశ్న: మా దరువును హౌస్ (డీజే డ్యాన్స్ సంగీతంలో ఒక రకం) బీటు మీద పెడితే కుంటుతున్నట్టుంది. టెంపో సరిపోతోంది మరి?
- జనగామ

టెంపో కాదు, గళ్లు సరిపోవడం లేదు. దరువును నోటితో లెక్కపెట్టి చూడండి, బీటుకు మూడు వస్తుంటే అది తిస్రం. మీ ట్రాక్‌లో హై-హ్యాట్ బీటుకు నాలుగు నడుస్తుంటుంది. రెండూ ఒకదాన్నొకటి గీసుకుంటాయి. కిక్‌ను కదపకండి. గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు (బీటుకు మూడు గళ్లు) మార్చి హై-హ్యాట్, బేస్ మళ్లీ రాసుకోండి. రికార్డు చేసిన డప్పును నూటికి నూరు క్వాంటైజ్ చేయడం (దెబ్బలను గళ్ల మీదికి లాగి అతికించడం) మా లెక్కలో పాపం, సగం చాలు.

ప్రశ్న: డప్పుకు మైకు పెడితే కూత, తీస్తే వినపడదు. పైగా రెండు పాటలకే డప్పు దిగిపోతోంది.
- మహబూబాబాద్

ఆడుతూ కొట్టే మనిషికి స్టాండ్ మైకు పనికిరాదు, చట్రానికి పట్టే క్లిప్ మైకు కావాలి. నిలబడి కొట్టేవారికైతే షూర్ ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైకు తోలుకు 10 నుంచి 15 సెంటీమీటర్లలో, అంచు వైపు నుంచి వాలుగా పెట్టండి. చిర్ర (డప్పు కొట్టే లావు పుల్ల) దెబ్బ గుమ్ము వెనక ఖాళీ వైపు నుంచి వస్తుంది. అక్కడ రెండో మైకు పెడితే మిక్సర్‌లో దాని ఫేజ్ బటన్ (సిగ్నల్‌ను తలకిందులు చేసేది) తిప్పాలి, లేకపోతే రెండు మైకులూ కొట్టుకుపోయి డప్పు అట్టముక్కలా మోగుతుంది. 100 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆ చోటు కిక్‌ది. బాక్సుల ముందుకు డప్పు రాకుండా నేల మీద టేపు అంటించండి. కూతల్లో సగం అక్కడే పోతాయి. వినపడాలంటే డప్పును పెంచే ముందు ట్రాక్‌ను తగ్గించండి: సింథ్ మీద కంప్రెసర్ (మోతను అణిచేది) పెట్టి, దాని సైడ్‌చెయిన్‌కు (ఎప్పుడు అణచాలో దానికి చెప్పే దారి) డప్పు మైకు ఇచ్చి, దెబ్బకు 3 డెసిబెల్స్ వంగేలా చూసుకుంటే చాలు.

దిగిపోవడానికి కారణం తేమ. మేకతోలు మంచు తాకగానే సాగుతుంది. ట్రాక్ బేస్ శ్రుతి కదలదు, డప్పు మాత్రం కిందికి జారుతుంది, అందుకే వినేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది. స్టేజి వెనక గడ్డి మంట పెట్టించి, కాచిన డప్పు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచి, రెండు పాటలకోసారి మార్చండి. ఫైబర్ డప్పుకు కాపుడు అవసరం లేదు నిజమే. కానీ తోలు గుమ్ము దానిలో రాదు, వానాకాలానికి అట్టిపెట్టుకోండి.

ప్రశ్న: చార్జర్ పెట్టగానే బాక్సుల్లో జుయ్‌మని మోత.
- కరీంనగర్

చార్జర్ తీస్తే ఆగుతోందా? అయితే ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న డబ్బా) పెట్టి, దాని గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ వైరు గ్రౌండ్‌ను విడదీసే బటన్) నొక్కండి. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. మోత ఆగుతుంది, మైకు పట్టుకున్న మనిషి ప్రాణం మీదికీ వస్తుంది.

ప్రశ్న: రాత్రి ఎంతవరకు వాయించుకోవచ్చు?
- ములుగు

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు బంద్. పండుగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. పగలైనా రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. అనుమతి కాగితం జిరాక్సు మిక్సర్ మనిషి జేబులో ఉంచండి, పోలీసులు ముందు వచ్చేది ఆయన దగ్గరికే.