బర్మా యుద్ధంలో ఫొటోలు ఎవరు తీసేవారు? మా జేజినాయన ఫొటో దొరుకుతుందా?

అనంతపురం నుంచి అడిగారు. ముందు అసలు విషయం: రెండో ప్రపంచ యుద్ధంలో ఆ బర్మా ఫొటోలు చాలావరకు తీసింది సైనికులే. బ్రిటిష్ సైన్యం 1941లో ఫిల్మ్, ఫొటోగ్రఫీ యూనిట్ పెట్టి, లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో శిక్షణ ఇచ్చింది. ఎక్కువమంది సార్జెంట్లు.

ఫొటో తీస్తే సగం పనే అయినట్టు. తేదీ, చోటు, ఎవరు, ఏం చేస్తున్నారు అని కాగితం మీద రాసి రీలుతో పాటు వెనక్కి పంపాలి. సెన్సార్ చూశాకే పత్రికలకు. ప్రాణభయం సరేసరి. జపాన్ దీవి ఇవో జిమాలో 1945 ఫిబ్రవరి 23న అమెరికా జెండా ఎత్తడాన్ని సినిమా కెమెరాతో తీసిన అమెరికా మెరైన్ సార్జెంట్ బిల్ జెనాస్ట్ తొమ్మిది రోజులకే చనిపోయాడు. అదే దృశ్యాన్ని స్టిల్ తీసి పేరు తెచ్చుకున్న జో రోసెంథాల్ మాత్రం సైనికుడు కాదు, వార్తాసంస్థ మనిషి. (పేరు ఎవరికి దక్కిందో చూడండి!)

ఇక మీ జేజినాయన సంగతి. బర్మా ఫొటోలు చాలా లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి, వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. మామూలు జవాను పేరు క్యాప్షన్‌లో ఉండటం అరుదు. అందుకని రెజిమెంట్ పేరుతో వెతకండి. ఇంట్లో పాత డిశ్చార్జి కాగితం ఉంటే అందులో చూడండి. మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) అయితే వాళ్ల కేంద్రం బెంగళూరే, మీకు దగ్గరే.