కరెంటు కారు మోటారు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గువ్వలచెరువు కనుమ ఎక్కేటప్పుడు మా కారు సగం దారిలో తాబేలు బొమ్మ చూపించి మెల్లబడిపోతోంది. ఎండాకాలంలోనే ఇట్లా చేస్తోంది. నూరు పీఎస్ పైనే అని చెప్పి అమ్మారు. మోటారు చాలదంటారా?
– ఒక పాఠకుడు, కడప

మోటారు చాలకపోవడం కాదు. లెక్క వేసి చూడండి. మనుషులతో కలిపి 1,800 కిలోల కారు, నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే మిట్టను 50 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 19 కిలోవాట్లు కావాలి. నూరు పీఎస్ అంటే 73 కిలోవాట్ల పైమాటే. కంపెనీ ప్రకటనలో వేసేది కొద్ది సేపు మాత్రమే ఇవ్వగల గరిష్ఠ శక్తి అన్నది నిజమే. ఎంతసేపైనా ఇవ్వగలిగేది దానికన్నా బాగా తక్కువ. అరగంట పాటు నిలకడగా ఇచ్చే శక్తిని ఏఐఎస్-041 అనే మన దేశపు వాహన ప్రమాణం ప్రకారం విడిగా కొలుస్తారు. అలా చూసినా 19 కిలోవాట్లు ఆ తరగతి మోటారుకు బరువు కాదు.

అందుకే మీరు చూడాల్సింది చల్లబరిచే ఏర్పాటును. బండి చల్లగా ఉన్నప్పుడు కూలెంటు (చల్లబరిచే ద్రవం) మట్టం ట్యాంకు మీది రెండు గీతల మధ్య ఉందా? రేడియేటరు రెక్కల సందుల్లో దుమ్ము, పత్తి నూగు అడ్డం పడిందా? కూలెంటు పంపు తిరుగుతున్న సన్నని శబ్దం వస్తోందా? ఇటీవల కూలెంటు మార్పించి ఉంటే గొట్టాల్లో గాలి చిక్కుకుని ఉండొచ్చు. చాలా కార్లలో ఆ గాలి తీయడానికి స్కానర్‌తో పంపును విడిగా తిప్పాలి. ఈ పని చేయకుండా ట్యాంకు నింపేసి మూత బిగించే షెడ్లు బోలెడు.

ఇవన్నీ బాగుంటే బ్యాటరీ వైపు చూడండి. చార్జింగు బాగా తగ్గినా, మధ్యాహ్నం ఫాస్ట్ చార్జింగు పెట్టి వెంటనే కనుమ ఎక్కించినా, మోటారు బాగున్నా కంప్యూటరే శక్తి తగ్గిస్తుంది.

ప్రశ్న: ఎంజీ జెడ్ఎస్ ఈవీ పాతదానికి 353 న్యూటన్ మీటర్ల టార్క్, కొత్తదానికి 280 మాత్రమే. కానీ పవరు 143 నుంచి 176 పీఎస్‌కు పెరిగింది. ఇదెలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

పీఎస్‌ను కిలోవాట్లలోకి మార్చి, 9,550తో గుణించి, టార్క్‌తో, అంటే మోటారు తిప్పే బలంతో, భాగించండి. మోటారు ఏ వేగం దాకా పూర్తి టార్క్ పట్టి ఉంచుతుందో సుమారుగా తెలుస్తుంది. పాతదానికి 2,850 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర, కొత్తదానికి 4,400 దగ్గర వస్తుంది. అంటే పాతది మొదట్లో గట్టిగా గుంజి త్వరగా సడలుతుంది, కొత్తది అంత గుంజకపోయినా ఎక్కువ వేగం దాకా పట్టు వదలదు. చక్రం దగ్గరికి చేరే బలం గేరు నిష్పత్తిని బట్టి కూడా మారుతుంది కాబట్టి ఉత్త న్యూటన్ మీటర్లు చూసి రెండు కార్లను తూచకండి.

ప్రశ్న: 82,000 కిలోమీటర్లు తిరిగిన కారు. 40 దాటితే ముందు నుంచి ‘గూం’ అని మోత, వేగంతో పాటు పెరుగుతోంది. మోటారు మొత్తం మార్చాలంటున్నారు. బేరింగు ఒక్కటే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

ముందు మోత ఎక్కడిదో తేల్చండి. ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ, మీ కారులో అనుమతి ఉంటే, న్యూట్రల్‌లో వేయండి. మోత పోతే అది మోటారు, ఇన్వర్టరు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె) విద్యుత్ శబ్దం. సన్నని ఈల లాంటిదైతే చాలామటుకు సహజమే. మోత అలాగే ఉంటే బేరింగో, గేర్లో, టైర్లో. ఇప్పుడు స్టీరింగు కొద్దిగా ఎడమకు, కుడికి తిప్పండి. ఒక వైపు పెరిగి రెండో వైపు తగ్గితే అది చక్రం బేరింగు, మోటారుతో సంబంధమే లేదు. తారు రోడ్డు వదిలి సిమెంటు రోడ్డు ఎక్కగానే మారితే టైర్ల మోత. ఈ నాలుగూ చూడకుండానే మోటారు ఎస్టిమేటు రాసిచ్చే చోట బండి వదలకండి.

మోటారు బేరింగే అని తేలితే, అది ఎందుకు పోయిందో తెలియాలి. ఇన్వర్టరు సెకనుకు వేల సార్లు కరెంటును ఆన్, ఆఫ్ చేస్తుంది. దానివల్ల షాఫ్టు మీద కొంత వోల్టేజీ పోగవుతుంది. అది భూమికి దారి లేక బేరింగు గుండ్లకూ అవి దొర్లే బాటకూ మధ్య ఉన్న సన్నని గ్రీజు పొరను చీల్చుకుని దూకుతుంది. దూకిన ప్రతిసారీ కంటికి ఆనని గుంట. కొన్ని వేల కిలోమీటర్లకు బాట మీద అడ్డగీతలు పడతాయి, మోత మొదలవుతుంది. అందుకే బజారులో దొరికే మామూలు బేరింగు వేస్తే మళ్లీ అదే కథ. కంపెనీ చెప్పిన నంబరు బేరింగే, ఆ వేగానికి తట్టుకునేదే వేయాలి. కొన్ని మోటార్లలో సిరామిక్ గుండ్ల బేరింగు ఉంటుంది, కొన్నిటిలో షాఫ్టుకు ఎర్తింగ్ రింగు ఉంటుంది. ఆ రింగు అరిగిందేమో చూడకుండా బేరింగు మార్చడం దండగ.

బేరింగు ఒక్కటే మార్చడం సాధ్యమే, కానీ వీధి షెడ్డులో కాదు. మోటారులో తిరిగే భాగమైన రోటరులో ఉండేది బలమైన అయస్కాంతాలు. జిగ్ (నిటారుగా పట్టి ఉంచే పనిముట్టు) లేకుండా బయటికి లాగితే పక్కకు పోయి చుట్టూ కదలకుండా ఉండే స్టేటరుకు కొట్టుకుంటుంది, వేళ్లు నలుగుతాయి, వైండింగు (తీగ చుట్లు) గీసుకుపోతుంది. రోటరు స్థానం చెప్పే రిజాల్వర్ కాస్త జరిగినా మళ్లీ కాలిబ్రేషన్ చేయాలి, లేకుంటే కారు జర్కులిస్తుంది. చాలా కార్లకు మోటారు వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. మీది అందులో ఉంటే ఎవరినీ విప్పనివ్వకండి.

వారంటీ లేని బండికి మోటారు మార్చే ముందు ఇన్సులేషన్ పరీక్ష అడగండి. హైవోల్టేజీ సర్వీసు ప్లగ్గు తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, 1,000 వోల్టుల గ్లోవ్స్ వేసుకుని, మోటారు మూడు ఫేజు తీగలను ఇన్వర్టరు నుంచి విప్పాకే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాలి. ఇన్వర్టరు తగిలించి ఉండగానే పెడితే బాగున్న ఇన్వర్టరు కూడా పోతుంది. బాగున్న వైండింగు వందల మెగాఓములు చూపిస్తుంది. ఒక మెగాఓము కన్నా తక్కువ ఉంటే లోపల తేమో, కాలిన ఇన్సులేషనో ఉన్నట్టు. ఫేజుల మధ్య ఓములు కొలిచి ‘షార్టయింది’ అనే మాట నమ్మకండి. అక్కడ ఉండాల్సింది మిల్లీఓములే, మామూలు మల్టీమీటరు సున్నానే చూపిస్తుంది.

ప్రశ్న: కూలెంటు తగ్గితే ప్రస్తుతానికి బోరు నీళ్లు పోయొచ్చా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

వద్దు. మన బోరు నీళ్లు ఎంత చౌడో టీ కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ సున్నమే ఇన్వర్టరు కింద ఉండే సన్నని కాలవల్లో పేరుకుంటుంది. గతిలేక పోయాల్సి వస్తే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు అర లీటరు దాకా పోసి, వారంలో కంపెనీ చెప్పిన కూలెంటు మార్పించండి. రంగు చూసి వేరే రకం కలపొద్దు. అసలు మూసి ఉన్న వ్యవస్థలో కూలెంటు తగ్గిందంటేనే ఎక్కడో కారుతోందని అర్థం.

ప్రశ్న: పాత మారుతి 800 ఉంది. ఈ-రిక్షా మోటారు, కంట్రోలరు పెట్టి ఊళ్లో తిప్పుకోవాలని ఉంది. లేదంటే పాత కరెంటు కారు నుంచి విప్పిన 72 వోల్టుల ఇండక్షన్ మోటారు దొరుకుతోంది. దానికి ఈ-రిక్షా కంట్రోలరు సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఆదోని

రెండూ కుదరవు. బ్యాటరీలు, మనుషులతో 900 కిలోలు అనుకుంటే సమతలం మీద 60లో నడవడానికే 4 కిలోవాట్లు కావాలి, ఆరు శాతం మిట్టను 40లో ఎక్కాలంటే 8 పైన. గంటకు 25 కిలోమీటర్లకు తయారైన ఈ-రిక్షా మోటారు ఒకటి, ఒకటిన్నర కిలోవాటుది. అది మొదటి మిట్టకే కాలుతుంది.

ఇక 72 వోల్టుల ఇండక్షన్ మోటారు. ఈ-రిక్షా కంట్రోలరు అయస్కాంతాలున్న బీఎల్‌డీసీ మోటారుకు చేసింది. రోటరు ఎక్కడుందో కనిపెట్టే హాల్ సెన్సర్లు చెప్పినట్టు కరెంటు మారుస్తుంది. ఇండక్షన్ మోటారులో అయస్కాంతమూ లేదు, హాల్ సెన్సరూ లేదు. ఎన్‌కోడరు (రోటరు వేగం చెప్పే సెన్సరు) చదివి స్లిప్, అంటే రోటరు ఎంత వెనకబడిందో, లెక్కగట్టే కంట్రోలరు కావాలి. అది దొరికినా, ఈ-రిక్షాలో లాగా 48 వోల్టులే ఇస్తే మోటారు తన వేగంలో మూడింట రెండు వంతుల దగ్గరే చతికిలబడుతుంది. ఆంపియర్లూ చూసుకోండి: 10 కిలోవాట్లకు 48 వోల్టుల దగ్గర 208 ఆంపియర్లు, 96 దగ్గర 104. కేబుల్, ఫ్యూజు, కాంటాక్టరు (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చు) ధర అక్కడే తేలుతుంది.

గేరుబాక్సు ఉంచుకుంటే మోటారుకూ దానికీ మధ్య వేసే అడాప్టర్ ప్లేటు లేతులో కచ్చితంగా రావాలి. షాఫ్టులు పదో వంతు మిల్లీమీటరు పక్కకు జరిగినా గేరుబాక్సు ముందు బేరింగు కొన్ని నెలల్లో అరుస్తుంది.

వీటన్నిటి కన్నా ముందు కాగితం పని. పాత బండిని కరెంటుకు మార్చే కిట్టుకు ఏఐఎస్-123 ప్రమాణం కింద ఆమోదం ఉండాలి, అదీ మీ మోడల్‌కు. ఆర్టీవో అనుమతితో ఆర్‌సీలో ఇంధనం మారాలి, బీమా కంపెనీకి చెప్పాలి. ఇవి లేని బండికి ప్రమాదం జరిగితే పరిహారం చేతినుంచే. ఆ లెక్క వేసుకుంటే సెకండ్ హ్యాండ్ కరెంటు కారే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: మోటారు ఐపీ67 అన్నారు. వాన పడినప్పుడు మా ఊరి వంక దాటించొచ్చా?
– ఒక పాఠకుడు, కదిరి

ఐపీ67 అంటే కొత్త భాగాన్ని మీటరు లోతు నిలకడ నీటిలో అరగంట ఉంచి చేసే పరీక్ష. మీ వంక పారుతుంది, బురద తెస్తుంది, మీ సీళ్లు పాతబడ్డాయి. ఇంకో చిక్కు: వేడెక్కిన మోటారు చన్నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, అరిగిన సీలు సందునుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. మాన్యువల్‌లో ఇచ్చిన లోతు దాటొద్దు. దాటి ఉంటే గేరు ఆయిలు తీయించి చూడండి, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. ఆ బండిని నడపకుండా ఆయిలు మార్పించండి.

ప్రశ్న: ఇరవై రోజులు కదపని కారు ‘రెడీ’కి రావడం లేదు. మోటారు కాలిందేమోనని ట్రాక్టరుకు తాడు కట్టి లాగించబోతున్నాం.
– ఒక పాఠకుడు, నంద్యాల

ఆగండి. కదలకుండా ఉన్న కారులో మోటారు కాలదు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. పెద్ద బ్యాటరీని మోటారు వైపు కలిపే కాంటాక్టర్లు దాని కరెంటుతోనే మూసుకుంటాయి. మల్టీమీటరు పెట్టండి: 12.6 ఉండాల్సింది, 12 కన్నా తక్కువ ఉంటే అదే దొంగ. మరో 12 వోల్టుల బ్యాటరీతో ముందు ప్లస్సు, తర్వాత మైనస్సు కలిపి ‘రెడీ’కి తెచ్చి గంటసేపు వదిలేయండి. మళ్లీ రెండు మూడు రోజుల్లో దిగితే బ్యాటరీ మార్చండి. వైర్లను ఎలుకలు కొరికాయేమో కూడా బానెట్ ఎత్తి చూడండి. నారింజ రంగు కేబుల్ కొరికి ఉంటే మాత్రం చేయి పెట్టకండి.

తాడు మాట మరచిపోండి. అయస్కాంతాల మోటారు చక్రాలతో పాటు తిరిగితే జనరేటరై కరెంటు పుట్టిస్తుంది, వేగం పెరిగే కొద్దీ ఆ వోల్టేజీ ఇన్వర్టరు మీద పడుతుంది. రోడ్డు పక్కకు నెట్టడానికి న్యూట్రల్‌లో నడక వేగంతో నాలుగు మీటర్లు ఫర్వాలేదు. ఊరు దాటించాలంటే నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ లారీనే పిలవండి.